చెరిపి మళ్లీ రాసే కాగితం: ఎలక్ట్రానిక్ పేపర్ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది

క్లుప్తంగా: ప్రింట్ తీసిన కాగితాల్లో చాలావాటి ఆయుష్షు ఒక్క రోజు. వాటి స్థానంలో ఒకే పేజీని చెరిపి మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతులు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి, కరెంటుతో రంగు కణాలను కదిపే ఎలక్ట్రానిక్ పేపర్. రెండోది, వేడితోనో వెలుతురుతోనో అక్షరాలను మాయం చేసే తిరగరాత కాగితం. మొదటిది మార్కెట్లో నిలదొక్కుకుంది, రెండోది ఎక్కువగా ప్రయోగశాల దగ్గరే ఆగింది. దేనివల్లనైనా మేలు జరిగిందా అన్నది మాత్రం ఆ పేజీని నిజంగా ఎన్నిసార్లు చెరిపి వాడామన్న దాని మీద ఆధారపడుతుంది.

ఒక్క పూట పేజీ

ఆఫీసులో ప్రింటర్ పక్కనుండే చెత్తబుట్టలోకి సాయంత్రం ఒకసారి తొంగి చూస్తే సంగతి సగం అర్థమవుతుంది. మీటింగుకు ముందు తీసిన ఎజెండా, తీరిగ్గా చదువుదామని తీసిన ఈమెయిల్, ఒక అంకె తప్పు పడిందని మొత్తం మళ్లీ తీసిన రిపోర్టు, చివర్లో వెబ్ అడ్రసు ఒక్కటే పడి బయటికొచ్చిన పేజీ. పొద్దున కొత్త కట్టలో ఉన్నవే ఇవన్నీ. ఆఫీసుల్లో ప్రింటయ్యే ప్రతి ఐదు పేజీల్లో రెండు ఇలా ఆ రోజు అవసరం కోసం తీసినవేనని జిరాక్స్ కంపెనీ 2006లో అంచనా వేసింది. ప్రింటర్లు, కాపీయర్లు తయారు చేసే సంస్థే ఈ లెక్క చెప్పిందన్నది గమనించాలి.

కాగితం నిజానికి రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒకటి దాచడం: దస్తావేజులు, సర్టిఫికెట్లు, ఏళ్ల తర్వాత కూడా తీసి చూడాల్సిన పుస్తకాలు. రెండోది కాసేపు చూపించడం: ధర చీటీ, నోటీసు, ఒకసారి చదివి పక్కన పెట్టే ప్రింటవుట్. రెండో పనికి మనుషులు ఒకప్పుడు చెరిపి రాసే వస్తువులనే వాడేవారు. పలక, మైనం పూసిన చెక్క, నల్లబల్ల అన్నీ ఆ కోవలోవే. తోలు మీద రాసే రోజుల్లోనైతే పాత రాతను గీకేసి దాని మీదే కొత్తది రాసేవారు. ఆర్కిమెడిస్ గణిత రచనలున్న పదో శతాబ్దపు ప్రతిని పదమూడో శతాబ్దంలో ఇలాగే చెరిపి ప్రార్థనల పుస్తకం రాసుకున్నారు. రాసే వస్తువు ఖరీదైనప్పుడు చెరపడమే లాభం. కాగితం చవకయ్యాక చెరిపే శ్రమకన్నా కొత్త షీటు తీసుకోవడమే తేలికైంది.

ఎంత తేలికైందో బరువు చెబుతుంది. మామూలు 80 జీఎస్ఎం ఏ4 షీటు బరువు 5 గ్రాములు. పదహారు షీట్లు పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు, ఆ లెక్కన 80 గ్రాములు. చెరిపి వాడే ఏ పద్ధతైనా పోటీ పడాల్సింది ఈ 5 గ్రాముల వస్తువుతోనే. ఎవరి అనుమతీ, ఛార్జింగూ అక్కర్లేదు, మడతపెట్టి జేబులో పెట్టుకోవచ్చు, కింద పడితే పగలదు.

తెర కాదు, సిరా

ఎలక్ట్రానిక్ పేపర్ అనగానే చాలామందికి ట్యాబ్లెట్ గుర్తొస్తుంది. రెండూ పూర్తిగా వేరు. ఫోను, ట్యాబ్లెట్ తెరలు వెలుతురును కంట్లోకి పంపుతాయి. ఎలక్ట్రానిక్ పేపర్ కాగితంలాగే బయటి వెలుతురును తిప్పి పంపుతుంది. అందుకే ఎండలో ఫోను తెర వెలవెలబోతే, దీని మీది అక్షరాలు ఇంకా తేటగా కనిపిస్తాయి.

ఈ ఆలోచన 1970లలో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పుట్టింది. నిక్ షెరిడాన్ అనే శాస్త్రవేత్త ఒక పక్క నలుపు, ఇంకో పక్క తెలుపు ఉన్న చిన్న ప్లాస్టిక్ గోళీలను నూనె నింపిన చిన్న అరల్లో ఉంచి, విద్యుత్ క్షేత్రంతో వాటిని బొంగరాల్లా తిప్పాడు. తెల్ల పక్క పైకొస్తే తెల్ల చుక్క, నల్ల పక్క వస్తే నల్ల చుక్క. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి మాత్రం వేరే చోట తయారైంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్‌సన్, ఆయన విద్యార్థులు బారెట్ కామిస్కీ, జేడీ ఆల్బర్ట్ కలిసి చేసిన పని 1997లో ఈ ఇంక్ (E Ink) అనే కంపెనీగా మారింది. ఆ సిరాతో మొదటి రీడర్‌ను, అంటే పుస్తకాలు చదువుకునే పరికరాన్ని, సోనీ 2004లో జపాన్‌లో అమ్మింది. 2007 నవంబరులో అమెజాన్ వారి కిండిల్ రీడర్ వచ్చాక అది సాధారణ పాఠకుల చేతుల్లోకి చేరింది.

పని చేసే తీరు ఇదీ. పారదర్శకమైన పొరలో వెంట్రుక మందం ఉండే లక్షలాది బుడగలు ఉంటాయి. ఒక్కో బుడగలో తేటగా ఉండే ద్రవం, అందులో రెండు రకాల కణాలు. తెల్లవి టైటానియం డయాక్సైడ్, గోడలకేసే తెల్ల పెయింటులో ఉండే పదార్థమే. నల్లవి కార్బన్‌తో చేసినవి. ఒకదానికి ధన ఆవేశం, ఇంకోదానికి రుణ ఆవేశం ఇస్తారు. కింది పొరలోని ట్రాన్సిస్టర్లు ఒక్కో చుక్క దగ్గర 15 వోల్టుల మేర ప్లస్సో మైనస్సో ఇస్తే ఒక రంగు కణాలు పైకి తేలి, రెండోవి అడుగుకు దిగుతాయి. అంటే అక్షరం ఉన్న చోట నిజంగానే నల్లని పదార్థం ఉంటుంది. కరెంటు తీసేసినా కణాలు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా పేజీ అలాగే కనిపిస్తుంది. ఖర్చంతా మార్చడానికే, చూపించడానికి ఏమీ పట్టదు. ఎలక్ట్రానిక్ పేపర్ బలమంతా ఈ ఒక్క గుణంలోనే ఉంది.

బలహీనత కూడా అక్కడిదే. పేజీ తిప్పినప్పుడు తెర మొత్తం ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, ఆ తర్వాత కొత్త అక్షరాలు తేలడం రీడర్లు వాడేవారందరికీ తెలుసు. కొత్తగా కొన్నవాళ్లు దాన్ని పాడైపోయిందనుకుంటారు. కణాలు చిక్కటి ద్రవంలో ఈదుకుంటూ పోవాలి. అవి ఇంతకుముందు ఏ లోతులో ఉన్నాయన్న దాన్ని బట్టి ఎంతసేపు, ఏ దిక్కుకు నెట్టాలో మారుతుంది. అంచనా కొద్దిగా తప్పినా పాత అక్షరాల నీడ కొత్త పేజీ వెనక మసకగా మిగిలిపోతుంది. ఆ నీడ పోవాలంటే అప్పుడప్పుడు అన్ని కణాలనూ ఒక కొసకి, తర్వాత రెండో కొసకి తోసి మొదటికి రావాలి. పలకను తడిగుడ్డతో తుడవడం లాంటిదే ఈ మెరుపు. చలిలో ద్రవం ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పేజీ మారడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

తెలుపు విషయంలో కూడా ఇది కాగితానికి సాటి రాలేదు. మంచి ఆఫీసు కాగితం తన మీద పడ్డ వెలుతురులో 80 శాతానికి పైగా వెనక్కి పంపితే, ఎలక్ట్రానిక్ పేపర్ 40 నుంచి 45 శాతం దగ్గర ఉంటుంది. చూడ్డానికి పాత న్యూస్‌పేపరులా కాస్త బూడిద రంగు కనిపించేది అందుకే. ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే వెలుతురులో ఇది చాలక, చాలా రీడర్లకు పక్కనుంచి వెలుగు పడేలా చిన్న దీపాలు పెట్టారు.

రంగు ఇంకా కష్టం. నలుపు తెలుపు పొర మీద రంగు గళ్లు అంటించే పద్ధతిలో అంగుళానికి 300 చుక్కలుండే స్పష్టత రంగులో 150కి పడిపోతుంది, వెలుతురు కూడా తగ్గుతుంది. రంగు కణాలనే నేరుగా కదిపే పద్ధతిలో రంగులు బాగుంటాయి కానీ, నాలుగు రకాల కణాలను ఒకే చోట వేరు చేసి పైకి తేవాలి కాబట్టి పేజీ మారడానికి అర సెకను నుంచి సెకనున్నర దాకా పడుతుంది.

పిల్లలు గీసుకునే చవకైన రైటింగ్ ప్యాడ్లను కూడా ఎలక్ట్రానిక్ పేపరే అనుకుంటారు. అవి వేరే జాతి. వాటిలో ఒక రకం లిక్విడ్ క్రిస్టల్ పొర ఉంటుంది. పుల్లతో నొక్కిన చోట ఆ పొర అమరిక మారి వెలుతురును తిప్పి పంపుతుంది, గీత పడుతుంది. గీయడానికి కరెంటే అక్కర్లేదు, బటన్ నొక్కి మొత్తం చెరపడానికి మాత్రం చిన్న బటన్ సెల్ కావాలి. మామూలు ప్యాడ్లలో రాసింది దాచలేం, ఒక్క అక్షరాన్ని మాత్రమే చెరపలేం. అయినా చిత్తు కాగితానికి ఇంత నేరుగా బదులుగా నిలిచిన వస్తువు ఇంకోటి లేదు. పలక చేసిన పనే చేస్తోంది.

సర్క్యూట్లు లేని దారి

రెండో దారిలో పరికరం ఉండదు, మామూలు కాగితం లాంటి షీటే ఉంటుంది. దాని మీది రాతే పోయేలా చేస్తారు. జిరాక్స్ 2006లో చూపించిన కాగితం మీద ప్రత్యేకమైన వెలుతురుతో ప్రింట్ వేస్తే, 16 నుంచి 24 గంటల్లో దానంతటదే మాసిపోయేది. మర్నాడు అదే షీటును మళ్లీ ప్రింటర్లో పెట్టొచ్చు. ఒక్క పూట పేజీకి సరిగ్గా కొలిచి కుట్టినట్టున్న ఆలోచన ఇది. కానీ ఆఫీసుల దాకా రాలేదు.

తోషిబా ఇంకోలా వెళ్లింది. మామూలు కాగితం మీదే నీలిరంగు టోనర్‌తో ప్రింట్ వేసి, వాడేశాక షీట్లను వేరే యంత్రంలో వేడి చేస్తే రంగు పోతుంది. కాగితం మడతలు పడి నలిగిపోతుంది కాబట్టి ఒక్కో షీటు దాదాపు ఐదుసార్లు ఉపయోగపడుతుందని లెక్క వేశారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్‌లో యాడోంగ్ యిన్ బృందం 2017లో చూపిన కాగితం ఇంకా ముందుకెళ్లింది. మామూలు కాగితానికి టైటానియం డయాక్సైడ్, ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం నానో కణాల పూత వేస్తారు. అతినీలలోహిత కిరణాలు పడిన చోట నీలం పోయి తెల్లబడుతుంది. అక్షరాలు కనీసం ఐదు రోజులుంటాయి. 120 డిగ్రీల వేడిలో పెడితే షీటు మళ్లీ పూర్తి నీలంగా మారిపోతుంది. ఇలా 80 సార్లకు పైగా వాడగలిగారు.

ఐదు, ఎనభై అనే ఈ రెండు అంకెల మధ్యే అసలు తేడా ఉంది. అయినా ఎనభై కూడా మార్కెట్లోకి ఎందుకు రాలేకపోయిందంటే, కారణం రసాయనం కన్నా మనిషి అలవాటులో ఎక్కువ కనిపిస్తుంది. చెరిపి వాడాలంటే షీట్లను చెత్తబుట్టలో వేయకుండా వేరే ట్రేలో పేర్చాలి. స్టేపుల్ పిన్నులు తీయాలి. పెన్నుతో గీతలు పడ్డవి, టీ ఒలికినవి, మడత పడ్డవి ఏరేయాలి. లేకపోతే ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటుంది. 5 గ్రాముల షీటును వేడి చేయడానికి పట్టే శక్తి, దాన్ని చెట్టు నుంచి కొత్తగా తయారు చేయడానికి పట్టే శక్తితో పోలిస్తే చాలా తక్కువ. ఖరీదైనది ఆ ఏరివేత. కొత్త కట్ట విప్పితే అదంతా తప్పుతుంది. ఎలక్ట్రానిక్ పేపర్‌కు ఈ బెడద లేదు. ఉన్నచోటే ఉంటుంది, ఉన్నచోటే మారుతుంది.

కార్బన్ లెక్క ఎక్కడ సరిపోతుంది

కాగితం మానేస్తే పర్యావరణానికి మేలు అన్న మాట వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే షరతులు బయటపడతాయి.

కిలో కాగితం తయారీకి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అనుకుంటే, ఏ4 షీటుకు 5 గ్రాములు. ఒక పెద్ద సైజు ఎలక్ట్రానిక్ పేపర్ నోట్‌బుక్ తయారీ మొత్తానికి 50 కిలోలని ఉదాహరణగా తీసుకుందాం. మోడల్‌ను బట్టి ఈ అంకె మారుతుంది, లెక్క తీరు మారదు. ఆ 50 కిలోలు తీరాలంటే 10,000 షీట్లు మిగలాలి. ఏడాదికి 250 పనిదినాల చొప్పున నాలుగేళ్లు వాడితే 1,000 రోజులు. అంటే రోజుకు 10 షీట్లు నిజంగా ప్రింట్ తీయకుండా ఆగితేనే నాలుగో ఏడు ముగిసేసరికి లెక్క సరిసమానం అవుతుంది. రెండేళ్లకే మోడల్ పాతబడిందని మార్చేస్తే రోజుకు 20 కావాలి. పరికరం కొన్నాక కూడా అలవాటుకొద్దీ సగం పేజీలు ప్రింట్ తీస్తుంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

రోజుకు వంద పేజీల డ్రాఫ్టులు తిరగేసే లాయరు, ఎడిటరు, పేపర్లు దిద్దే టీచరు లాంటివారికి ఇది కొన్ని నెలల్లోనే తేలిపోతుంది. వారానికి పది పేజీలు ప్రింట్ తీసే ఇంటికి కొత్త పరికరం కొనడం వల్ల కార్బన్ పెరుగుతుందే తప్ప తగ్గదు.

వాడేశాక ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. కాగితపు పీచు ఐదు నుంచి ఏడుసార్లు రీసైక్లింగుకు తట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త సంగతి అలా లేదు. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చినది 22.3 శాతమే. గాజు పలక, లిథియం బ్యాటరీ, సర్క్యూట్లు జిగురుతో అతికి ఉన్న పరికరాన్ని విడదీయడం కాగితాన్ని నీళ్లలో నానబెట్టినంత తేలిక కాదు.

ఈ పరిజ్ఞానాన్నే వాడి పారేసే వస్తువుగా చేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ ఉంది. ఎస్క్వైర్ పత్రిక 2008లో తన 75 ఏళ్ల సంచిక లక్ష ప్రతులకు ఎలక్ట్రానిక్ పేపర్ అట్ట వేసింది. అక్షరాలు వెలిగి ఆరుతూ కనిపించాయి. మూడు నెలలకు అటూ ఇటూగా బ్యాటరీ అయిపోయాక ఆ అట్టకు వేరే పని లేదు. కొత్త రాత రాయడానికి వీల్లేని ఎలక్ట్రానిక్ పేపర్, కాగితం కన్నా బరువైన చెత్త మాత్రమే.

ఇంకో పరిమితి కూడా గుర్తుండాలి. ప్రపంచం ఏటా తయారు చేసే దాదాపు 40 కోట్ల టన్నుల కాగితం, అట్టలో సగానికి పైగా ప్యాకింగుకే పోతుంది. ఆ భాగాన్ని ఏ రకం ఎలక్ట్రానిక్ పేపరూ తాకలేదు.

అల్మారా అంచున గెలుపు

ఈ పరిజ్ఞానం అన్నిటికన్నా ముందు పుస్తకాల ద్వారా పేరు తెచ్చుకున్నా, కాగితాన్ని పూర్తిగా తప్పించింది మాత్రం సూపర్‌మార్కెట్ అల్మారాల అంచున. ధర చీటీ ఎప్పుడూ ఒకే చోట, ఒకే సైజులో ఉంటుంది. తరచుగా మారుతుంది. దాని మీద ఎవరూ పెన్నుతో రాయరు, ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరు. కాగితమైతే ప్రతిసారీ ప్రింట్ తీసి, కత్తిరించి, పాతది పీకి, కొత్తది దూర్చాలి. ఎలక్ట్రానిక్ చీటీకి రేడియో సంకేతం పంపితే సరిపోతుంది. మారిన క్షణంలోనే తప్ప తెరకు కరెంటు ఖర్చు లేదు కాబట్టి చిన్న బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. బస్టాపులోని టైమ్ బోర్డు, మీటింగ్ గది తలుపు మీది బోర్డు, గిడ్డంగిలో పెట్టెల మీది చీటీ కూడా ఇదే లక్షణాలున్నవి. అన్నిటిలోనూ కాగితం చేసే పని చూపించడమే, దాచడం లేదు.

ధరలు సులువుగా మారే చోట అవి తరచుగా మారుతాయన్న భయం కొనేవారిలో ఉంది. అది న్యాయమైన భయమే. అల్మారా దగ్గర చూసిన ధర కౌంటరు దగ్గరికి చేరేసరికి అదే ఉంటుందన్న హామీ నియమాల్లో ఉండాలి, చీటీ తయారీలో ఉండదు.

చేతిలోని కాగితం ఎందుకు లొంగడం లేదు

అల్మారా చీటీకి కుదిరింది చదివే బల్ల దగ్గర అంత సులువుగా కుదరలేదు. సోనీ 2013లో 13.3 అంగుళాల పరికరం తెచ్చింది. ఏ4 షీటు మూల నుంచి మూలకు 14.3 అంగుళాలు, అంటే కొద్దిగా చిన్నదే. బరువు 358 గ్రాములు, అంటే సుమారు 70 షీట్ల కట్టంత. ఆ తర్వాత నార్వే కంపెనీ రిమార్కబుల్ 2017 నుంచి 10.3 అంగుళాల నోట్‌బుక్‌లు అమ్ముతోంది. ఇది దాదాపు ఏ5 సైజు. వేలాది పేజీలు మోయడంలో ఇవి కాగితాన్ని ఎప్పుడో దాటేశాయి.

కానీ మోయడం ఒక్కటే పని కాదు. లెక్కలు సరిచూసే మనిషి బల్లను గమనిస్తే తేడా తెలుస్తుంది. ఎడమ పక్క పాత రిపోర్టు, కుడి పక్క కొత్తది, మధ్యలో బిల్లులు, ఒక షీటు అంచున వేలు పెట్టి ఇంకో షీటులో అంకె వెతకడం. నాలుగు కాగితాలు ఒకేసారి కంటి ముందుంటాయి. పరికరం ఎన్ని వేల పేజీలు దాచినా ఒకసారికి ఒక్క పేజీనే చూపిస్తుంది. మెల్లగా మారే తెర మీద అటూ ఇటూ తిప్పుతుంటే చూసిన అంకె మధ్యలో మర్చిపోతాం. ఒక షీటు తీసి ఎదుటి మనిషికి ఇచ్చేయడం కూడా కాగితంతోనే కుదురుతుంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా వరుసగా చదివే నవలకు ఈ ఇబ్బందులేవీ లేవు. ఎలక్ట్రానిక్ పేపర్ నవల దగ్గర ముందుగా గెలిచి ఆఫీసు బల్ల దగ్గర వెనకబడడానికి కారణం ఇదే.

చెరిగిపోకూడని చోట

చెరపడం తేలికైతే, చెరగకూడనిది కూడా చెరిగే ప్రమాదం ఉంటుంది. పైలట్ కంపెనీ ఫ్రిక్షన్ పెన్నులు దీనికి చక్కటి ఉదాహరణ. పెన్ను వెనక రబ్బరుతో రుద్దితే పుట్టే వేడికే, 60 డిగ్రీల దగ్గర, సిరా రంగు పోతుంది. ఆ పెన్నుతో రాసిన నోట్‌బుక్‌ను ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద మర్చిపోతే పేజీలకు పేజీలే తెల్లబడతాయి. సిరా కాగితం మీదే ఉంటుంది, రంగు మాత్రం ఉండదు. సున్నాకు 10 నుంచి 20 డిగ్రీలు దిగువన ఫ్రీజర్లో పెడితే రాత మళ్లీ తేలుతుంది. సంతకాలకు, ముఖ్యమైన పత్రాలకు ఈ పెన్ను వాడొద్దని తయారీదారులే హెచ్చరిస్తారు.

ఎలక్ట్రానిక్ పేపర్‌లో ఈ చెరిపే అధికారం దూరంగా ఉన్న సర్వరు చేతిలో కూడా ఉండొచ్చు. 2009 జులైలో అమెజాన్ హక్కుల సమస్య ఉందంటూ కొన్ని పుస్తకాలను కొనుక్కున్నవారి కిండిల్‌లలోంచే తొలగించింది, ఆ తర్వాత క్షమాపణ చెప్పింది. అచ్చయిన పుస్తకానికి అలా జరగాలంటే ఎవరో ఇంట్లోకి రావాలి.

రాబోయే మార్పు

మొత్తం కాగితానికి బదులుగా ఏదో ఒక్క వస్తువు రావడం జరిగేలా లేదు. చూపించే పనులు ఒక్కొక్కటిగా కాగితం నుంచి జారిపోవడం మాత్రం ఇప్పటికే మొదలైంది. రంగు కణాల పద్ధతి మెరుగయ్యే కొద్దీ దుకాణాల పోస్టర్లు, ప్రకటన బోర్డులు ఆ జాబితాలో చేరతాయి. గాజుకు బదులు వంగే ప్లాస్టిక్ మీద తెరలు చేయడం వల్ల బరువు, పగిలే భయం తగ్గుతాయి. బ్యాటరీ మార్చుకునే వీలు, విడిభాగాలు దొరకడం అనే రెండు విషయాలు మెరుగుపడితే ఆయుష్షు పెరుగుతుంది. కార్బన్ లెక్కలో కొత్త రంగుల కన్నా ఆ రెండింటి ప్రభావమే ఎక్కువ.

ఇలాంటి పరికరాలు కొనే ఆలోచనలో ఉన్న ఆఫీసుకు ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. ఒక వారం పాటు ప్రింటర్ పక్కన బుట్టలో పడ్డ కాగితాలను మూడు దొంతరలుగా పెట్టాలి: ఒకసారి చదివి పారేసినవి, పక్కపక్కన పెట్టి సరిచూసినవి, సంతకమో స్టాంపో ఉన్నవి. మొదటి దొంతరలోని షీట్ల సంఖ్యను పనిదినాలతోనూ, ఆ కాగితాలు తీసిన మనుషుల సంఖ్యతోనూ భాగించాలి. మనిషికి రోజుకు పది దాటితే ఆలోచించొచ్చు. రెండో దొంతరే పెద్దదైతే, ఎన్ని పరికరాలు కొన్నా ఆ ప్రింటర్ ఆగదు.